పళ్లెంలో మిగిలిన పూలు

ఆ రోజు పూజ అయ్యాక పళ్లెంలో ఏడు పూలు మిగిలాయి.

మా ఇంట్లో రోజూ నూట ఎనిమిది నందివర్ధనాలు కోసేది నేను. పెళ్లయిన నాటి నుంచీ అది నా పని. పుస్తకాలకు బైండింగు చేసేవాడి చేతికి లెక్క తప్పదు. పదహారు పేజీల ఫారాలు ఎన్ని పేర్చానో చూడకుండానే చెప్పగలను. పూలూ అంతే. గుప్పిటకు పన్నెండు, తొమ్మిది గుప్పిళ్లు. మా ఆవిడ సీతారత్నం అమ్మవారి ముందు కూర్చుని అష్టోత్తరం చదువుతూ నామానికొక పువ్వు వేస్తుంది. నామాలు పూర్తయ్యేసరికి పళ్లెం ఖాళీ అవ్వాలి.

"ఏడు మిగిలాయేంటి రత్నం?" అన్నాను.

"మీరే ఎక్కువ కోసుంటారు."

"నేనా?"

"మరి నేనా? అరవై దాటాక లెక్కలు తప్పుతాయండీ. ఒప్పుకుంటే తప్పేం లేదు."

నేను ఒప్పుకోలేదు. మర్నాడు రెండుసార్లు లెక్కపెట్టి కోశాను. నాలుగు మిగిలాయి. మూడోనాడు ఆమె వెనకే కూర్చుని, మనసులో నామాలు చెప్పుకుంటూ విన్నాను. నలభై మూడో నామానికి పువ్వు వేసింది. తర్వాత ఏ తడబాటూ లేకుండా యాభై మూడో నామం అందుకుంది. మధ్యలో తొమ్మిది లేవు. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. ఆమె వరకు ఆ తొమ్మిదీ చదివేసినట్టే.

పోయిన జబ్బు తిరిగి వచ్చిందనుకున్నాను.

కిందటి వానాకాలంలో రత్నానికి మెదడు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గాని ఒక చిత్రమైన లోపం మిగిలింది. ఆమె దేన్నీ మరిచిపోలేదు. నామాలన్నీ వచ్చు, వంటలన్నీ వచ్చు, నన్ను దెప్పడం కూడా వచ్చు. కానీ చేస్తున్న పనిలో ఎక్కడ ఉందో తెలిసేది కాదు. కాఫీలో మూడుసార్లు పంచదార వేసేది. దీపం వెలిగించి, ఆ దీపం ముందే అగ్గిపెట్టె కోసం వెతికేది. అష్టోత్తరం మొదలుపెడితే మొదటి పన్నెండు నామాల్లోనే గంటసేపు తిరిగేది. ఒకరోజు పువ్వు చేత్తో పట్టుకుని, "ఇది వేశానా, వెయ్యాలా? చెప్పండి," అని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది జీవితంలో రెండుసార్లు. అది రెండోసారి.

అప్పుడే మా కాకినాడలో, సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద ఉన్న పరిశోధనశాల గురించి తెలిసింది. అక్కడి డాక్టరు శేషగిరి గారు మాఘమాసంలో ఆమె చెవి వెనక కందిగింజంత పూస ఒకటి అమర్చారు. అది ఏమీ నేర్పదు. చేసిన పని అవగానే, "ఇది అయింది, ఇక తర్వాతది" అని మెదడుకు చిన్న తట్టు తడుతుంది, అంతే. ఆ 'తర్వాతది' ఏదో మనిషికి తెలుసు. తట్టేవాడే కావాలి. ఎక్కడిదాకా వచ్చామన్న గుర్తు మాత్రం పరిశోధనశాలలోని కంప్యూటరులో ఉంటుంది. పూస గాలిలోంచే దాన్ని అడిగి తెలుసుకుంటుంది.

ఆ పూస పనితీరు చూసే అమ్మాయి మృదుల. పాతికేళ్లుంటాయేమో. నన్ను బాబాయి గారూ అని, రత్నాన్ని పిన్ని గారూ అని పిలిచేది. నాలుగు నెలలు అంతా బాగా జరిగింది. జ్యేష్ఠమాసం మొదట్లో ఆ పిల్ల కాజాల పొట్లంతో మా ఇంటికొచ్చింది.

"పిన్ని గారూ, మీ పూస పనిచేసినంత బాగా ఇంకోటి పనిచెయ్యలేదండి. అందుకని మీ పూసలో ఉన్నదంతా నకలు తీసి ఇంకొకాయనకి పెట్టాం. ఆయన కూడా లేచి తిరిగితే ఆ పుణ్యం మీదే."

"నాకేం తరిగిపోదు కదమ్మా?" అంది రత్నం నవ్వుతూ.

"భలేవారండీ! నకలు తీస్తే అసలుది తరుగుతుందేంటి?"

ఆ మాట ఆరోజు ముగ్గురికీ నిజంగానే తోచింది. కాజాలు కూడా బాగున్నాయి.

పూలు మిగలడం మొదలైంది ఆ తర్వాత వారంలోనే. పూజలోనే కాదు, మధ్యాహ్నం పులుసులో చింతపండు పడేది కాదు. రాత్రి పెరుగు తోడు వెయ్యకుండానే మూత పెట్టేసేది. శేషగిరి గారు పరీక్షలన్నీ చేసి, నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు.

"జబ్బు ముదురుతోందండీ. ఇలాంటప్పుడు పూస ఉంచితే మెదడు ఇంకా గందరగోళపడుతుంది. వచ్చే సోమవారం తీసేద్దాం."

"తీసేస్తే?"

ఆయన పరీక్షల కాగితాలు సర్దుకోసాగారు. మంచి మనిషి, అబద్ధం చెప్పడం చేతకాదు.

నా దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. మిగిలిన కాగితం ముక్కలతో కుట్టుకున్నది. పూలు మిగిలిన మొదటి రోజు నుంచీ ఎన్ని మిగిలాయో అందులో రాస్తూ వచ్చాను. ఏడు, నాలుగు, తొమ్మిది, ఆరు, పదకొండు. శనివారం దగ్గర సున్నా. మళ్లీ అయిదు, ఎనిమిది. తర్వాతి శనివారం సున్నా. ఆ పై శనివారమూ సున్నాయే.

చేతులెత్తి దణ్ణం పెట్టాను. శనివారం వేంకటేశ్వరస్వామి వారం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ రోజు పగలు భోజనం చెయ్యను. నా ఉపవాసం చూసి స్వామి ఆ ఒక్క రోజైనా నా భార్యను కాస్తున్నాడనుకున్నాను. అయితే ఆదివారం కూడా ఉపవాసం ఉంటే సరిపోతుంది కదా అని ఉన్నాను. ఆదివారం పది పూలు మిగిలాయి.

"ఈ వయసులో కడుపు మాడ్చుకుంటే నా నామాలు జారకుండా ఉంటాయా?" అని రత్నం కేకలేసింది.

ఆ సాయంత్రం దుకాణంలో కూర్చుని ఆలోచించాను. స్వామి శనివారం ఒక్కరోజే చూసి, మిగిలిన ఆరు రోజులూ చూపు తిప్పుకుంటాడా? అంత చిన్న మనసు ఆయనకు ఎందుకుంటుంది? నా ఉపవాసం వల్ల కాదని ఆదివారం తేలిపోయింది. మరి శనివారం ఏం జరుగుతోంది? కాదు, ఏం జరగడం లేదు?

అప్పుడు ఒక మాట తట్టింది. శనివారం తినని వాణ్ని లోకంలో నేనొక్కణ్నే కాదు. పైగా పూలు మిగలడం మొదలైంది ఆ నకలు తీశాకే.

లేచి మృదులకు ఫోను చేశాను.

"అమ్మా, ఆ నకలు పెట్టినాయన ఆ పూసతో ఏం చేస్తాడు?"

"పక్షవాతం వచ్చి మింగడం తప్పిందండి ఆయనకి. ముద్ద పెట్టుకోవడం, నమలడం, నాలుకతో వెనక్కి నెట్టడం, ఊపిరి బిగబట్టడం, మింగడం, గొంతు సవరించుకోవడం. ఆరు మెట్లు. ఒక్కో మెట్టుకీ పూస తడుతుంది. ఎందుకండీ?"

"ఆయన శనివారం తినడా?"

"అది నాకు తెలీదండి," అంది.

సోమవారం రత్నాన్ని తీసుకుని నోటుపుస్తకంతో పరిశోధనశాలకు వెళ్లాను. శేషగిరి గారు నా మాట ఓపికగా విన్నారు గాని నమ్మలేదు.

"ఆ పూస వేరు, ఈ పూస వేరు. మధ్యలో నూటయాభై కిలోమీటర్ల దూరం. నకలు తీసే పని మేం రాసింది కూడా కాదండీ. ప్రోగ్రాములు రాసే భాషతో పాటే వచ్చే లైబ్రరీలో ఉంటుంది. ప్రపంచమంతా వాడుతుంది."

లైబ్రరీ అంటే నాకు పుస్తకాలదే తెలుసు. మృదుల విడమరిచి చెప్పింది. "మీరు దారం మీరే వడుక్కోరు కదా బాబాయి గారూ, బజార్లో కొంటారు. అలాగే మేమూ కొన్ని పనిముట్లు సిద్ధంగా ఉన్నవి తెచ్చుకుంటాం. వరసలో ఎక్కడున్నామో పట్టుకుని ఉండే వేలు లాంటిది ఒకటుంది, ఇటరేటరు అంటాం. దానికి నకలు తీస్తే రెండు వేళ్లవుతాయి. ఒకటి కదిపితే రెండోది కదలదు. ఇదిగో చూడండి."

కంప్యూటరులో ఒకటి నుంచి పది దాకా అంకెలు పెట్టి చూపించింది. నిజమే. ఒక వేలు ఏడు దగ్గరికి పోయినా, రెండోది మూడు దగ్గరే ఉంది.

నేను సంచిలోంచి ఒక పుస్తకం తీశాను. అది నలభై ఏళ్ల కిందట, పని నేర్చుకునే రోజుల్లో, నేను పాడుచేసిన పుస్తకం. మా గురువు గారు తిట్టి నాకే ఇచ్చేశారు. దాని అడుగున రెండు ఎర్ర రిబ్బన్లు వేలాడుతుంటాయి.

"ఇవెన్నమ్మా?"

"రెండు."

"ఒకటి లాగు."

మృదుల ఒక కొస పట్టుకుని లాగింది. రెండో కొస సర్రున లోపలికి పోయింది.

"పుస్తకం చదివేవాళ్లు ఇద్దరున్నారు, రెండు రిబ్బన్లు పెట్టమన్నారు. నేను ఒకే రిబ్బను వెన్ను లోపలి నుంచి తిప్పి, రెండు కొసలూ బయటికి వదిలాను. బయటికి రెండే కనిపిస్తాయి. లోపల ఒకటే. మీ అంకెల పుస్తకం పలచనిది కాబట్టి దాచడానికి వెన్ను లేదు. మరి పూసలో ఉన్నది అంత పలచనిదేనా?"

మృదుల ముఖం పాలిపోయింది. ఆ పిల్ల కుర్చీ లాక్కుని కంప్యూటరులో గబగబా ఏదో రాసింది. తర్వాత నాకు వివరించింది. పూస కోసం కంప్యూటరులో పెట్టిన గుర్తు ఒట్టి వేలు కాదట. వేలి మీద ఇంకో వేలు, దానికి ఒక తొడుగు. నకలు తీసినప్పుడు తొడుగు కొత్తది వచ్చింది. లోపలి వేలు మాత్రం పాతదే. రెండు తొడుగుల్లోనూ అదే వేలు. తాను పరీక్ష చేసింది తొడుగు లేని వేలితో.

"నోటుపుస్తకం ఇవ్వండి," అన్నారు శేషగిరి గారు.

ఆ రెండో మనిషి పూస ఏ వేళకు ఎన్ని మెట్లు కదిలిందో కంప్యూటరులో ఉంది. రత్నం పూజ జరిగే వేళ చూశారు. మొదటి రోజు ఏడు మెట్లు. నా పుస్తకంలో ఏడు పూలు. రెండో రోజు నాలుగు, నాలుగు. మూడో రోజు తొమ్మిది, తొమ్మిది. శనివారం ఏమీ లేదు.

"జబ్బు ముదరలేదండీ," అన్నారాయన నోటుపుస్తకం నాకు తిరిగి ఇస్తూ. "తప్పు మాది."

నాకు కలిగిన సంతోషం చెప్పలేను. కానీ రత్నం సంతోషించలేదు. ఆమె మృదుల వైపే చూస్తోంది.

"ఆయన కదిపితే నా నామాలు జారిపోయాయి. మరి నేను నామాలు చదువుతుంటే ఆయనకేమవుతోందమ్మా?"

ఆ మాట మా ఎవరికీ తట్టలేదు. మృదుల ఫోను అందుకుంది.

ఆయన పేరు అప్పలకొండ. భీమిలి దగ్గర పడవ నడిపేవాడు. ఫోను తీసింది ఆయన కూతురు పైడమ్మ.

"పొద్దుట ఎనిమిదిన్నరకే వస్తాదమ్మా ఆ పొలమారడం. నమిలేవోడు నమిలినట్టే టక్కున మింగేత్తాడు. కళ్లు తేలేత్తాడు. రెండుసార్లు ఊపిరాగిపోయింది. మీకు సెబితే పూస పీకేత్తారని సెప్పనేదు. మొదటి వారం ఓ సెనివారం ఏటీ పెట్టనేదు, ఆ రోజు పొలమారనేదు. అప్పట్నుంచి సెనివారం సెనివారం ఒక్కపొద్దుంటన్నాడు. సామే సూత్తన్నాడని మా నాన్న నమ్మకం."

నేను తల దించుకున్నాను. అక్కడా అదే స్వామి, అదే శనివారం, అదే నమ్మకం.

రత్నం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా తాను చదువుతున్న నామాలు, మూడు వారాల నుంచి ఒక మనిషి గొంతుకు అడ్డం పడుతున్నాయి.

సరిచెయ్యడానికి ఎన్నాళ్లని అడిగాను. తొమ్మిది రోజులన్నారు. ఈసారి తొందరపడి ఎవరి తలలోనూ ఏదీ పెట్టబోమన్నారు శేషగిరి గారు. అందాకా రెండు పూసలూ ఆపేస్తామన్నారు. ఆపితే రత్నం మళ్లీ పన్నెండు నామాల్లో తిరగాలి. అప్పలకొండకు ముక్కులోంచి గొట్టం వేసి పాలు పొయ్యాలి. నేర్చుకున్నది ఎంత నిలుస్తుందో తెలీదు.

"నాది ఒక్కటే ఆపండి. ఆయన తినాలి కదా," అంది రత్నం.

"రత్నం!" అన్నాను.

"ఏం?"

"నామం మధ్యలో మానేస్తే దోషం కాదూ?"

"అమ్మవారికి ఆకలంటే తెలీదంటారా?"

మృదుల కళ్లు తుడుచుకుంటోంది. రత్నం ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు వేళ్లు ముడుస్తూ అడిగింది.

"ఆయనకి ఆరు మెట్లన్నావు కదూ? ఆరు అయ్యాక మళ్లీ మొదటికే కదా?"

"అవునండి."

"అయితే నేను సరిగ్గా ఆరు నామాలు చదివి ఆగితే, ఆయన ఎక్కడున్నాడో అక్కడికే వచ్చి ఉంటాడు కదా? అప్పుడాయన ఒక ముద్ద తింటాడు. ఆ ముద్ద అయ్యేదాకా నేను నోరు విప్పను. మళ్లీ ఆరు చదువుతాను."

మృదుల నోరు తెరిచి చూసింది. కాగితం తీసుకుని లెక్క వేసి చూసింది. శేషగిరి గారూ వేసి చూశారు. నూట ఎనిమిదిని ఆరు నిశ్శేషంగా భాగిస్తుంది.

"కానీ పిన్ని గారూ, ఆయన ముద్దకి మీ నామాలు ఆరు జారిపోతాయండి. సగమే చదవగలరు."

"జారనీ. మర్నాడు ఆయన్ని ముందు తినమంటే మిగతా సగం నాకు వస్తాయి కదా. రెండు రోజులకి ఒక అష్టోత్తరం అవుతుంది. ఇప్పుడేం మునిగిపోయింది?"

శేషగిరి గారు లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టారు. రత్నం కంగారుపడి, "అయ్యయ్యో, కూర్చోండి బాబూ," అంది.

మర్నాడు ఎనిమిదిన్నరకు అమ్మవారి పక్కనే ఫోను పెట్టుకున్నాం. మృదుల ఇద్దరినీ మొదటి మెట్టు మీద నిలబెట్టానని చెప్పి, తనూ ఫోనులోనే ఉంది. రత్నం ఆరు నామాలు చదివి, ఆరు పూలు వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. అవతల పైడమ్మ ఇడ్లీ ముక్క పెట్టింది. నేను కూడా ఊపిరి బిగబట్టాను.

"మింగీసినాడమ్మా! పొలమారనేదు!" అంది పైడమ్మ.

రత్నం మళ్లీ ఆరు పూలు వేసింది. అలా తొమ్మిది ముద్దలు. పూజ అయ్యేసరికి పళ్లెంలో యాభై నాలుగు పూలు మిగిలాయి. ఇన్నాళ్లూ మిగిలిన పూలు చూస్తే నాకు గుండె జారేది. ఆ రోజు వాటిని దోసిట్లోకి తీసుకుని, "వీటిని ఏం చెయ్యమంటావు?" అని అడిగాను.

"అవి ఆయన ముద్దలవి. అమ్మవారి దగ్గర పెట్టండి," అంది.

నామం లేకుండానే పెట్టాను.

తక్కిన వేళల్లో, పైడమ్మ ఫోను చేసి తండ్రికి ముద్ద పెట్టినప్పుడల్లా రత్నం చేస్తున్న పని వదిలేసి కూర్చునేది. కుళాయి దగ్గర ఉంటే కుళాయి దగ్గరే, పొయ్యి దగ్గర ఉంటే పొయ్యి ఆర్పేసి. ఒకరోజు వంకాయ కూర సగంలో ఆగిపోయి, నేను రెండింటికి తిన్నాను. ఏమన్నా అంటే, "భీమిలిలో ఆయన తింటున్నాడు, మీరు కాస్త ఆగలేరా?" అనేది. అయిదో రోజుకు అప్పలకొండ గొంతు ఫోనులో నేరుగా వినిపించింది. మాట ముద్దగా ఉన్నా అర్థమైంది.

"అమ్మా, ఆకలేత్తంది. బేగి సదవండి."

రత్నం నవ్వు ఆపుకోలేక పువ్వు జారవిడిచింది. "నామాలు పరిగెత్తించమంటావా నాయనా!" అంది.

తొమ్మిదో రోజున పూసలు రెండూ వేరయ్యాయి. ఆ భాష చూసుకునేవాళ్లకు మృదుల ఈ తప్పు గురించి రాసింది. ఈ సంగతి మూడేళ్ల కిందటే ఎవరో చెప్పారనీ, దీనివల్ల ఎవరికీ పెద్ద నష్టం ఉండదనుకుని పక్కన పెట్టామనీ జవాబు వచ్చిందట. ఈసారి వెంటనే సరిచేశారట. ఆ జవాబు నాకు చదివి వినిపిస్తూ మృదుల అంది, "నేనూ అలాగే అనుకునేదాన్నేమో బాబాయి గారూ. ఒక్కరోజైనా పిన్ని గారినీ అప్పలకొండ గారినీ పక్కపక్కన పెట్టి చూశానా?"

ఆ పిల్లకు నా పాత పుస్తకం ఇచ్చేశాను. తన బల్ల మీద పెట్టుకుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ల చేత ముందు ఆ రిబ్బను లాగిస్తుందట.

నాకు ఒక సందేహం మిగిలింది. శనివారం స్వామి చూస్తున్నాడని నేను అనుకున్నది పొరపాటేనా? అప్పలకొండ ఆ ఒక్కపొద్దు పట్టకపోతే నా పుస్తకంలో ఆ సున్నా పడేది కాదు. సున్నా పడకపోతే రత్నం పూస ఆ సోమవారమే పోయేది. ఈ సంగతి రత్నాన్ని అడిగితే, "మీరు ముందు పూలు కొయ్యండి," అంది.

కోశాను. గుప్పిటకు పన్నెండు, తొమ్మిది గుప్పిళ్లు. ఆ రోజు రత్నం నూట ఎనిమిది నామాలూ చదివింది. ఒక్కటీ జారలేదు. పళ్లెం ఖాళీ అయింది. అదే సమయానికి భీమిలిలో అప్పలకొండ తన ఇడ్లీ తాను తిన్నాడు. ఇక ఒకరి కోసం ఒకరు ఆగక్కర్లేదు.

కానీ నేను వెనక కూర్చుని విన్నాను. ఆరు నామాలు చదివి, ఆరు పూలు వేసి, రత్నం చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగింది. ఒక ముద్ద నమిలి, మింగి, గొంతు సవరించుకునేంత సేపు ఆగింది. తర్వాత ఏడో పువ్వు తీసుకుంది.

ఇప్పటికీ అలాగే చదువుతుంది. మా ఇంట్లో పూజ కాస్త ఆలస్యంగా అవుతోంది. నేను కాఫీ కోసం తొందరపెట్టడం మానేశాను.